ఆయ్ అన్నాక దించకూడదు

"మత్తయి గారూ, మీరు టీ తాగుతూ ఉండండి, నేను ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. ఎక్కువ మాట్లాడే అలవాటు నాకు లేదని మీకు తెలుసు కదండీ."

పలివెలలో ఉషారాణి టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఈ మాటకి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాట అన్నాయన పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. ఊరికి మాత్రం సత్యం గారు. అమలాపురంలో ఒక బట్టల కొట్లో గుమస్తా. రోజూ సైకిలు మీద వెళ్ళి సైకిలు మీదే వస్తారు.

మత్తయి కరెంటు లైన్‌మాన్. ఆయన కూతురు నిర్మలకి అమలాపురంలో డిగ్రీ సీటు వచ్చింది. పొద్దుటి బస్సు ఆపేశారు. తరవాత బస్సు పట్టుకుంటే మొదటి క్లాసు అయిపోతుంది. ఇంట్లో ఉన్న సైకిలు చాలు, తొక్కుకుంటూ వెళ్తానంది నిర్మల. ఆడపిల్ల అంత దూరం తొక్కలేదని, ఆ రోడ్డు మంచిది కాదని, మండపేటలో మేనత్త ఇంట్లో ఉండి అక్కడ దొరికిన చదువు చదువుకోమని మత్తయి అన్నాడు. నిర్మల కోరుకున్న చదువు అక్కడ లేదు. రేపు పొద్దున్నే మేనత్త వస్తుంది తీసుకెళ్ళడానికి. అందుకే నిర్మల సత్యం గారిని బతిమాలింది, నాన్నకి ఒక్క మాట చెప్పండి పెదనాన్నగారూ అని. ఇప్పుడు తండ్రి పక్కన నిలబడి ఆ ఒక్క మాట కోసం చూస్తోంది.

"రోడ్డు మంచిది కాదంటున్నారు. ఆ రోడ్డు తెలిసినంత మా ఇంటావిడ కూడా నాకు తెలియదండీ. తెల్లారకుండా లేస్తాను, చన్నీళ్ళ స్నానం చేస్తాను, సైకిలు తుడుస్తాను, చెయిను మీద నూనె వేస్తాను, ఆ తరవాతే నోట్లో ఏదైనా వేసుకుంటాను. నియమం లేని మనిషికి బ్రేకులు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇక్కడ ఎక్కేనంటే అమలాపురంలో కొట్టు గుమ్మం దగ్గరే కాలు కింద పెడతాను, మధ్యలో పెట్టను. సరే, నా సంగతి అలా ఉంచండి. ఆ రోడ్డు మీద మనుషులు ఎలాంటివాళ్ళో చెప్తాను. ముక్కామలలో పంచర్లు వేసే ఆయన ఉన్నాడు కదండీ, రాత్రి కొట్టు కట్టేసినా గాలిపంపు మాత్రం బయట మేకుకి తగిలించి పోతాడు. పొద్దున్నే ఎవరి చక్రమైనా మెత్తబడితే ఇబ్బంది పడకూడదని. తాళం లేదు, గొలుసు లేదు. ఇన్నేళ్ళలో ఆ పంపు ఒక్కడూ ఎత్తుకుపోలేదు. వంపు తిరిగేక ఒక మామ్మగారు ఎండాకాలం అరుగు మీద కుండ, గ్లాసు పెట్టి, ఎవరు తాగేరో కూడా చూడరు. వానల్లో కొబ్బరికాయల లారీ వాళ్ళు మమ్మల్ని దాటేటప్పుడు మెల్లిగా పోతారు, బురద చిందకూడదని. ఇవి పెద్ద సంగతులు కావండీ. కానీ రోడ్డుని నడిపేవి ఇవే."

"ఆయ్," అన్నాడు మత్తయి.

మా వైపు ఆయ్ అంటే సరేనని కావచ్చు, వింటున్నానని కావచ్చు. ఏ ఆయ్ ఏమిటో మొహం చూసి తెలుసుకోవాలి. అక్కడితో ఆపి ఉంటే సత్యం గారు వచ్చిన పని అయిపోయేదే. ఆయన మత్తయి మొహం చూడలేదు. ఆయ్ ఒక్కటే విన్నారు.

"అంతెందుకు, మొన్న మార్చిలో అమలాపురంలో అమ్మాయి పరీక్ష. మీరు తెల్లారే డ్యూటీకి పోయేరు. బస్సు రాలేదు. ఇదిగో ఈ జయప్రకాష్ ఆటో ఉందంటే ఉంది, ఇంజను విప్పి గోనె మీద పరిచి ఉంది."

"పిస్టన్ పోయిందండీ," అన్నాడు ఆటో జయప్రకాష్. "దానికి నేనేం చేస్తాను."

"నిన్నేమీ అనలేదయ్యా. తొమ్మిదింటికి గేటు వేసేస్తారు, నిమిషం దాటితే దేవుడొచ్చినా తియ్యరు. అమ్మాయి ఇక్కడే నిలబడి ఏడుపు దిగమింగుకుంటోంది. ఎక్కమ్మా అన్నాను. ఎక్కించుకున్నాను. ఊరు దాటేమో లేదో, ఎదురుగాలి. ఎలాంటి గాలి అనుకుంటున్నారు? కొబ్బరిచెట్లు రోడ్డుకి వంగి దణ్ణం పెడుతున్నాయి. కాకులు వెనక్కి ఎగురుతున్నాయి. ఎక్కడో అంబాజీపేటలో ఎవరో చుట్ట వెలిగించేడు, పొగ వచ్చి నా నోట్లో పడింది. నాకు చుట్ట నిషిద్ధం కదా, ఉమ్మేసి తొక్కేను."

ఉషారాణి గ్లాసులు కడగడం ఆపి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మత్తయి ముందుకి వంగేడు.

"అంత గాలి వీస్తుందా అక్కడ?"

"నేను చెప్పింది సగమేనండీ. ఆ గాలికి చెయిను ఊడిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దిగి వేసుకున్నారు," అన్నాడు జయప్రకాష్.

"కాలు కింద పెట్టనని చెప్పేనా లేదా? ఎడం చేత్తో హేండిలు పట్టుకుని, వంగి కుడి చేత్తో చెయిను ఎక్కించేను, చక్రం తిరుగుతూ ఉండగానే."

"మరి అప్పుడు పెడలు ఎవరు తొక్కేరండీ?" అని ఉషారాణి అడిగింది.

"చెయిను లేనప్పుడు పెడలుతో పనేముందమ్మా," అన్నారు సత్యం గారు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "అలా పోతున్నాం. రోడ్డు పక్కన ఒక ముసలావిడ, నెత్తి మీద అరటిగెల, చంకలో ఇంకో గెల. బాబూ, అంబాజీపేట దాకా ఎక్కించుకుంటావా అంది. నోరు ఆయ్ అనేసింది. మన నోళ్ళు అంతే కదండీ, పుట్టుకతో వచ్చింది. ఆయ్ అన్నాక దించకూడదు, అది నా రెండో నియమం. ఆవిడని ముందు రాడ్డు మీద కూర్చోబెట్టేను. గెలలు హేండిలుకి చెరోవైపు కట్టేను. నిజం చెప్పాలంటే అంతవరకూ సైకిలు కొంచెం ఊగుతోంది, గెలలు కట్టేక కుదురుకుంది."

నిర్మల సత్యం గారి వైపు చూసి మెల్లిగా తల అడ్డంగా ఊపింది. ఆపమని. కథ అంత అద్భుతంగా ఉందని ఆయన అనుకున్నారు.

"ఇంకో మైలు పోయేమో లేదో, పెళ్ళిమేళం వాళ్ళ వ్యాను చక్రం మట్టిలో దిగబడి ఉంది. అవతల ముహూర్తం మించిపోతోంది. అయ్యా ధర్మాత్ములు అన్నారు. ఇంకేముంది, ఆయ్. ముసలావిడకి ఆయ్ అని వాళ్ళకి కాదంటే అది పక్షపాతం. సన్నాయి ఆయన కారియరు చివర, డోలు ఆయన డోలుతో సహా నా భుజాల మీద, తాళం ఆయన మడ్‌గార్డు మీద. ఊరికే కూర్చోవడం పని దొంగతనం అని చెప్పేను. వాయించమన్నాను. వాయించేరు. ఆ దరువుకే కాలు ఇంకా బాగా పడింది."

"మరి మా నిర్మల?" అన్నాడు మత్తయి.

"చదువుకుంటోందండీ. సన్నాయి ఆయన వీపుకి పుస్తకం ఆనించుకుని. ఆ వీపు కదలకుండా ఉండాలని ఆయన ఊపిరి బిగబట్టి వాయించేడు."

"ఊపిరి బిగబట్టి సన్నాయా," అని జయప్రకాష్ గొణిగేడు.

"సాధన అంటారు దాన్ని. నీకు తెలియదు. సరే, అంబాజీపేట చేరేం, ముసలావిడ దిగింది, మేళం దిగింది, హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మనకి రావలసిన బస్సు అక్కడ చెడిపోయి ఉంది. నిండా జనం. డ్రైవరు నన్ను ఎరిగినవాడే, సత్యం గారూ ఒక చెయ్యి వేస్తారా అన్నాడు. ఆయ్. చెయ్యి వేసేది కాదది, కాలు వేసేది. కొబ్బరితాడు తెచ్చి బస్సుని నా కారియరుకి కట్టేరు."

"జనాన్ని దింపేసేరా?" అంది ఉషారాణి.

"ముసలివాళ్ళున్నారు, పసిపిల్లల తల్లులున్నారు, దిగమనడం మర్యాద కాదు. కండక్టరుకి మాత్రం చెప్పేను, ఇక్కడి నుంచి టికెట్టు కొట్టడానికి వీల్లేదు, లాగుతున్నది మనం అని. లాగేను. ఆ ఎదురుగాలిలో లాగేను. గాలి నన్ను తొయ్యలేక పక్కకి తప్పుకుంటే, ఆ తోపుకి కాలువలో నీళ్ళు ఎగువకి పోయేయి, పలివెల వాళ్ళు మీరు చూసే ఉంటారు. అమలాపురంలో గడియార స్తంభం కనపడింది. పెద్ద ముల్లు పన్నెండు మీద పడబోతోంది. బెల్లు కొట్టేను. ముల్లు ఆగింది. అమ్మాయి గేటు లోపల అడుగు పెట్టేదాకా ఆగింది. నేను తల ఊపేను. అప్పుడు తొమ్మిది కొట్టింది."

సత్యం గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. ఇప్పుడే బస్సు లాగి వచ్చినట్టు ఉన్నారు.

మత్తయి గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడి రెండు చేతులూ జోడించేడు. అందులో వెటకారం లేదు. బస్సుని, గడియారాన్ని ఆయన నమ్మలేదు. గాలిని మాత్రం నమ్మేడు. కూతురు ఏడుస్తూ నిలబడిన మాట కూడా నమ్మేడు.

"ఆ రోజు మీరు సైకిలు మీద దింపేరని తెలుసు గానీ, ఇంత అవస్థ పడ్డారని తెలియదండీ," అన్నాడు. "మీరంటే నియమం ఉన్న మనిషి, ఒంట్లో బలం ఉన్న మనిషి. మీకే ప్రాణం మీదకి వచ్చిందంటే మా పిల్ల వల్ల ఎక్కడవుతుంది. నాకున్న కాస్త అనుమానం కూడా తీర్చేసేరు. రేపు మండపేట పంపేస్తాను."

 సత్యం గారు గబగబా సర్దుకోబోయేరు. గాలి రోజూ ఉండదన్నారు. ఆ రోజు కూడా మరీ అంత కాదన్నారు. కాకులు కొన్ని ముందుకే ఎగిరేయన్నారు.

"బస్సు కూడా చిన్న బస్సేనండీ," అన్నారు చివరికి.

ఎవరూ నవ్వలేదు. మత్తయి అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. నిర్మల ఆయన దారికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"నాన్నా, ఆ రోజు సైకిలు తొక్కింది నేను."

మత్తయి ఆగేడు.

"ముక్కామల చేరకుండానే పెదనాన్నగారి మోకాలు పట్టేసింది. కాలు కింద పెట్టేరు. నేను తొక్కుతాను, మీరు వెనకాల కూర్చోండి అన్నాను. నొప్పిలో ఉన్నారు కదా, ఏం అడిగేనో వినిపించుకోకుండానే ఆయ్ అన్నారు. అనేసేక కాదనలేకపోయేరు. కూర్చున్నారు."

"అక్కడి నుంచి?"

"గేటు దాకా. గేటు వెయ్యడానికి ఇంకా టైముంది. మంచినీళ్ళు తాగి లోపలికి పోయేను."

"నాకెందుకు చెప్పలేదు?"

"దింపేరా అని అడిగేవు. దింపేరు అన్నాను. ఎవరు తొక్కేరని అడగలేదు. చెప్తే ఊళ్ళో పెదనాన్నగారిని చూసి నవ్వుతారు." నిర్మల ఒకసారి జయప్రకాష్ వైపు చూసింది. "గాలి ఉంది నాన్నా. లేదనను. రెండు సార్లు దిగిపోదామనుకున్నాను. పెదనాన్నగారు నా పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని, మోకాలు నొక్కుకుంటూ, ఆ కరెంటు స్తంభం దాకా తొక్కమ్మా అన్నారు. అక్కడికి పోయేక ఇంకో స్తంభం చూపించి, అదిగో అక్కడి దాకా అన్నారు. దారంతా అలాగే చెప్పేరు. అందుకే ఆగలేదు."

మత్తయి రోడ్డు పక్క స్తంభాల వైపు చూసేడు. ఆ లైను ఆయనదే. గాలివానలకి తీగలు తెగినప్పుడల్లా ఆ స్తంభాలన్నీ ఎక్కి దిగినవాడు.

"ఏ స్తంభం దగ్గర మారేరు?"

"కాలువ వంతెన ఇవతల. ట్రాన్స్‌ఫార్మరు ఉందే, అది."

అక్కడి నుంచి అమలాపురం ఎంత దూరమో మత్తయికి ఒకరు చెప్పనక్కర్లేదు. మనసులో ఒక్కొక్క స్తంభమే దాటుకుంటూ పోతున్నట్టు కళ్ళు సగం మూసుకున్నాడు. వెనక కూర్చున్న మనిషి ఎంత బరువుంటాడో కూడా ఒకసారి సత్యం గారిని ఎగాదిగా చూసి అంచనా వేసుకున్నాడు.

"నిజమేనాండీ సత్యం గారూ?"

సత్యం గారు బల్ల మీది ఖాళీ గ్లాసులోకి చూసేరు.

"ఆయ్," అన్నారు. ఇది ఏ ఆయో అడగవలసిన పని లేకపోయింది.

"మరి బస్సుని ఎవరు లాగేరండీ, అమ్మాయేనా?" అన్నాడు జయప్రకాష్. అప్పుడు నవ్వేరు అందరూ, ఉషారాణి అయితే పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోలేదు. నిర్మల నవ్వలేదు. తండ్రి మొహమే చూస్తోంది.

మత్తయి కొట్టు పక్కన నిలబెట్టిన సత్యం గారి సైకిలు దగ్గరకి పోయి, రెండు చక్రాలూ వేలితో నొక్కి చూసేడు. బ్రేకు పట్టి చూసేడు. స్టాండు తీసి హేండిలు కూతురి చేతికిచ్చేడు.

"ఎక్కు. అంబాజీపేట దాకా పోయి చీకటి పడకుండా వచ్చెయ్యాలి. నేను వెనకాల కూర్చుంటాను. మధ్యలో నన్ను దిగమంటే మండపేట. దిగమనకపోతే ఇప్పుడే మీ అత్తకి ఫోను చేసి రావద్దంటాను."

నిర్మల చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది. మత్తయి సత్యం గారికంటే బాగా బరువైన మనిషి. ఆయన కూర్చోగానే సైకిలు ఒక పక్కకి ఒరిగింది. నిర్మల పళ్ళ బిగువున నిలబెట్టి, లేచి నిలబడి తొక్కింది. సైకిలు రెండు మూడు వంకరలు తిరిగి, కిళ్ళీ కొట్టు దాటేసరికి తిన్నగా పడింది. మత్తయి కాళ్ళు రెండూ నేలకి తగలకుండా ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

సత్యం గారు రోడ్డు మధ్యకి పోయి నిలబడ్డారు.

"అమ్మాయ్, కాలువ వంపులో గాలి పక్కనుంచి కొడుతుంది. తల వంచి తొక్కు."

నిర్మల వెనక్కి చూడకుండా తల ఊపింది.

"అది మాత్రం నిజమేనండీ," అన్నాడు జయప్రకాష్.