జానీ కొట్టు దగ్గర కూర్చుని ఇంటికి కాపలా కాసిన వైనం

ఈ సంగతి ఊరంతా తెలిసిపోయింది కాబట్టి ఇక దాచి లాభం లేదు. పైగా ఒక్కొక్కళ్లు ఒక్కో రకంగా చెబుతున్నారు. శివాజీగాడైతే నా గొంతు పెట్టి మరీ చెబుతున్నాడంట. అందుకని ఆ ఆదివారం నేను కోసిన కోతలన్నీ నేనే చెప్పేస్తా. నవ్వొస్తే నవ్వండి. నాకైతే ఇప్పటికీ చెవులు కాలుతున్నయ్.

మా ఇల్లు ఊరి చివర, దాచేపల్లి రోడ్డుకి ఇవతల. ఇంటి ముందు సిమెంటు కల్లం ఉంది. రెండిళ్ల అవతల ఆరోగ్యమ్మక్క ఉంటది. మొగుడు పోయినాక, కొడుకు బెంజిమిన్ని పెట్టుకుని ఎకరన్నర కౌలుకి తీసుకుని మిరప వేసింది. వాళ్లది మట్టి కల్లం. కాయకి దుమ్ము పడుతుందని, "గంగయ్యా, నీ కల్లంలో ఆరబోసుకుంటా తమ్ముడా" అని అడిగింది. దానికేం భాగ్యం అన్నా. శనివారం పొద్దున్నే మోటారేసి, పైపు లాక్కొచ్చి, కల్లం కడిగింది కూడా నేనే. ఎండకి ఆరినాక, పైపు చుట్టకుండా అక్కడే ఓ పక్కన వదిలేసి, అందరం కలిసి కాయలు పోశాం. ఆ ఏడాదికి ఆమె చేతికొచ్చిన పంట మొత్తం అదే, మా ఇంటి ముందు ఎర్రగా పరుచుకుని ఉంది.

ఆదివారం చర్చికి పోతా అక్క అంది, "పదకొండింటికల్లా వచ్చేస్తాం తమ్ముడా, పందులు రాకుండా కాస్త కనిపెట్టుకుని ఉండు" అని. "నువ్వు నిశ్చింతగా పోయి ప్రార్థన చేసుకో అక్కా, నేను ఈ అరుగు మీంచి లేస్తే ఒట్టు" అన్నా. ఆ ఒట్టు ఎంతసేపు నిలబడిందంటే, ఆమె రోడ్డు మలుపు తిరిగిందాకా.

ఏం చెయ్యమంటారు, చేతిలో కొత్త వస్తువుంది. మా మేనల్లుడు శివనాగరాజు గుంటూరులో కంప్యూటర్ల పని చేస్తాడు. పోయిన నెలొచ్చి మా ఇంట్లో స్విచ్చులన్నిటి వెనకా అగ్గిపెట్టెలంత డబ్బాలు బిగించి పోయాడు. ఫోన్లో బ్రౌజరు తెరిచి, వాడు రాసిచ్చిన అడ్రసు కొట్టి, పాస్‌వర్డు పెడితే ఒక పేజీ వస్తది. హాలు లైటు, ఫ్యాను, టీవీ, మోటారు, అన్నిటికీ బటన్లు. నొక్కితే ఆకుపచ్చగా మారతయ్. మనం ఎక్కడున్నా సరే! మా ఇంటామె నాంచారమ్మ ధరణికోటలో వాళ్ల చెల్లెలి దగ్గరికి పోయింది, ఇంట్లో చూపిద్దామంటే మనిషి లేదు. కల్లంలో మిరపకాయలకి చూపిస్తే అవి ఏమంటయ్? అందుకని, లాగితే దానంతటదే పడే తాళం గదా, తలుపు లాగేసి జానీ టీ కొట్టుకి పోయా. ఎనిమిదిన్నర అయ్యుంటది.

"ఏంది బాబాయ్, కాపలా ఉన్నావన్నారే?" అన్నాడు జానీ టీ వడపోస్తా.

"కాపలానే కాస్తన్నారా. ఇదిగో, దీంట్లోంచి" అని ఫోను బల్ల మీద పెట్టా. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే శివాజీ పక్కకి జరిగి చోటిచ్చాడు. చుట్టూ ఇంకో పది మంది.

మొదలు చిన్నగానే పెట్టా. "మొన్న సత్తెనపల్లి పోతా ఉంటే ఫ్యాను ఆపలేదని గుర్తొచ్చింది. ఇంకోళ్లయితే బస్సు దిగి వెనక్కొస్తారు. నేను సీట్లోంచి కదలకుండా టక్కున ఆపేశా" అన్నా. ఇది నిజమేనండీ, నిజంగా ఆపా. ఇక్కడితో నోరు మూసుకునుంటే మర్యాదగా ఉండేది. కానీ జానీ "అబ్బో!" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు నాకు.

"అదేముందిరా, బుధవారం దొంగ దూరాడు ఇంట్లో. నేనప్పుడు గురజాల తాసీల్దారాఫీసులో లైన్లో నిలబడున్నా. ఇక్కడ ఫోన్లో హాలు లైటు బటను దానంతటదే వణికింది! ఓహో అనుకుని లైటేశా. వాడు వంటింట్లోకి ఉరికాడు. వంటింటి లైటేశా. పడకగదిలోకి దూరాడు, ఫ్యాను తిప్పా. టీవీ పెట్టా, వార్తలాయన 'ఎవడ్రా నువ్వు' అన్నట్టే అరిచాడు. మిక్సీ తిప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు హాలు మధ్యలో గొంతుక్కూర్చుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నాకు జాలేసి కుక్కరు బటను నొక్కా."

"దొంగకి అన్నం వండావా!"

"బెదిరిపోయున్నాడు గదరా పాపం. తిన్నాడు, గిన్నె తోమి బోర్లించి, తలుపు దగ్గరేసి పోయాడు."

కొట్టు కొట్టంతా నవ్వు. శివాజీ మాత్రం, "ఊరికే చెప్పటం కాదు బాబాయ్, మా ముందు నొక్కు చూద్దాం" అన్నాడు. నొక్కా. హాలు లైటు, ఆకుపచ్చ. ఫ్యాను, ఆకుపచ్చ. టీవీ, ఆకుపచ్చ. "మోటారో?" అన్నాడు. అదీ నొక్కా. అదీ ఆకుపచ్చే.

"త్రీఫేజు కరెంటు తొమ్మిదింటికి గదా వచ్చేది, మోటారెట్టా ఆడుద్ది?"

"చూపిద్దామని నొక్కాన్లేరా, ఇప్పుడే ఆపుతా" అన్నా.

ఇక్కడే చెప్పాలి మీకు. శివనాగరాజు బిగించేటప్పుడే ఒకటికి రెండుసార్లు చెప్పాడు, "మావయ్యా, కరెంటు లేనప్పుడు మోటారు నొక్కి మర్చిపోవద్దు, కరెంటు రాంగానే దానంతటది ఎత్తుకుంటది" అని. వాడు చెప్పాలా? మా వైపు స్టార్టరు ఆన్‌లో వదిలేసి కరెంటు కోసం పడుకోవటం మా తాతల్నాటి అలవాటేగా. తెలియక చేశానని అనటానికి లేదు. ఆపుదామనే వేలు పెట్టా. అంతలో ఎవడో వెనక నుంచి, "మీ ఫ్యాను గాలి ఇంతదాకా వస్తదా పెద్దాయనా?" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. "రాకేం! అదే సత్తెనపల్లి బస్సులో నా పక్కన ఒక ముసలాయన చెమటలు కక్కుతున్నాడు. ఇంట్లో ఫ్యాను ఐదు మీద పెట్టి, ఫోను ఆయన మొహం దగ్గర పట్టుకున్నా. తువ్వాలు ఎగిరిపోయింది! ముందు సీటు ఆడాళ్లు గాలి తగ్గించమని తిట్లు!"

ఇంక ఆగలా. టీ మీద టీ, కథ మీద కథ. తొమ్మిదెప్పుడైందో, పదెప్పుడైందో నాకు పట్టలా. అది చెప్పి ఇది చెప్పి, చివరికి మబ్బు కథ ఎత్తుకున్నా. దాన్ని తలుచుకుంటేనే నాలిక కొరుక్కోవాలనిపిస్తది.

"పోయిన వారం పడమట మబ్బు పట్టింది చూశారా? నల్లగా, దున్నపోతుల మందలాగా. సరిగ్గా మా కల్లం మీదికే వస్తంది. నేను దాచేపల్లిలో ఉన్నా. బ్రౌజరు తెరిచి నాలుగు ఫ్యాన్లు, కూలరు, అన్నీ ఒక్కసారే నొక్కా!"

"ఇంట్లో ఫ్యాన్లు తిరిగితే మబ్బెట్టా పోద్ది బాబాయ్?"

"కిటికీలు తెరిచున్నయ్ గదరా! ఎగేసింది చూడు గాలి, మబ్బు కాస్తా కృష్ణ దాటి అవతల పడింది." అంతలో ఫోను మోగింది. చూడకుండానే కట్ చేశా. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతలి ఒడ్డు నుంచి ఫోను. 'ఏమే గంగన్నా, నీ మబ్బు మా దిక్కు ఒచ్చింది, చెర్వు నిండి అలుగు పారుతుంది, ఇగ సాలు, తోల్కపో' అని!" మళ్లీ ఫోను మోగింది. మళ్లీ కట్ చేశా. "నేను ఫ్యాన్లు ఎదురు తిప్పి దాన్ని వెనక్కి లాక్కుని, మాచర్ల కొండల మీద కట్టేసి వచ్చా. నేనుండంగా ఆరోగ్యమ్మక్క కాయల మీద చుక్క నీరు పడుద్దంట్రా?"

ఎవరూ నవ్వలా. అందరూ నా వెనక్కి చూస్తన్నారు. తిరిగి చూస్తే బెంజిమిన్, బండి మీద. చర్చికేసుకున్న తెల్ల చొక్కా, మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు.

"మావయ్యా, నువ్వు ఇక్కడున్నావా?" అన్నాడు.

"ఏంరా, ఎక్కడికి హడావిడిగా?"

"ఆరెంపీ డాక్టరు కోసం."

"అయ్యో, ఎవరికి?"

"నీకే."

నాకు అర్థం కాలా. వాడే చెప్పాడు, గట్టిగా కూడా కాదు. "మేమొచ్చేసరికి మీ ఇంట్లో లైటు వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. టీవీ మోగుతోంది. తలుపు లోపల గడియేమో అనుకున్నాం. ఎంత పిలిచినా పలకవు, ఫోను చేస్తే కట్టయిపోతోంది. గంగయ్య మాటిచ్చి కదిలే మనిషి కాదు, గుండెపోటొచ్చి లోపల పడిపోయుంటాడని అమ్మ తలుపు బాదుతా ఏడుస్తంది. కల్లంలో కాయలు నీళ్లలో తేలుతున్నయ్ మావయ్యా. నేను కాయలు పక్కకి లాగబోతే, 'అయ్యి పోతే పోయినయ్, ముందు మనిషిని చూడరా' అని నన్ను తరిమింది."

"నీళ్లేంది..." అన్నా. అంటానే తెలిసిపోయింది.

"మోటారు. గదికి తాళమేసుంది."

ఫోను తీశా. పేజీలో మోటారు బటను పచ్చగా ఉంది. నొక్కా. మధ్యలో చక్రంలాంటిది తిరుగుతా ఉంది, బటను పచ్చగానే ఉంది. మళ్లీ నొక్కా. ఈసారి వేలు పక్కనున్న ఫ్యాను బటను మీద పడింది. జానీ స్టవ్వు తగ్గించాడు, ఎందుకో నాకు తెలీదు. శివాజీ గ్లాసులోకి చూస్తన్నాడు.

బెంజిమిన్ వాళ్లమ్మకి ఫోను కలిపి నా చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు."

"తమ్ముడా! నువ్వేనా? దేవా, నీకు స్తోత్రం! బతికున్నావా నాయనా! తలుపు పగలగొడదామని గునపం తెచ్చా. ఎక్కడ పడిపోయావయ్యా, ఎవరు చూశారు నిన్ను?"

పడిపోలేదని ఎట్టా చెప్పను? ఆ క్షణాన నిజంగానే పడిపోయినా బాగుండు అనిపించింది.

"పడిపోలేదక్కా. జానీ కొట్టు దగ్గరున్నా."

"జానీ కొట్టు దగ్గరా? ఎప్పట్నుంచి?"

"నువ్వు పోయిన కాడ్నించీ."

"ఏం చేస్తన్నావు ఆడ?"

చుట్టూ పన్నెండు మంది. మబ్బు గురించి అంతసేపు అన్ని ప్రశ్నలేసిన వాళ్లు, ఒక్కడు కూడా నా సాయానికి రాలా.

"కబుర్లు చెబుతున్నా అక్కా" అన్నా.

ఆమె తిట్టలా. ఫోను మాత్రం పెట్టెయ్యలా. ఫోన్లోంచి కల్లంలో పైపు నీళ్లు పడుతున్న చప్పుడు వినపడింది, దబదబా. మొలతాడుకి కట్టుకున్న మోటారు గది తాళంచెవి కోసం తడుముకుంటా వచ్చి బెంజిమిన్ బండెక్కా.