రేవులో ఏం తింటావు?

పుంగనూరు. పట్టపగలు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మునిచంద్ర ఇల్లు. మంచం మీద తెరిచిన సూట్‌కేసు. దానికి ఆ పక్క ఆయన, ఈ పక్క ఆయన భార్య రాజమ్మ.

“తియ్! ఆ రాగిపిండి ప్యాకెట్లు పెట్టెలోంచి తీస్తావా లేదా?”

“తీస్తాండాలే. పెట్టెలో పెట్టకూడదని నాకూ తెలుసు. చేతిబ్యాగులో పెట్టుకోవాల.”

“నేను చెప్పేది అది కాదు రాజమ్మా.”

“నేను చెప్పేది ఇను. చెన్నైలో శ్రీలంక ఓడెక్కేముందు పెద్ద పెట్టెలన్నీ వాళ్ళే తీసేసుకుంటారంట. మన రూముకు వచ్చేసరికి సాయంత్రం అయిపోతాదంట. అందాకా మాత్రలు, పిండి, ఒక జత బట్టలు చేతిలోనే ఉండాల. నోటుబుక్కులో రాసి పెట్టుకున్యా.”

“నోటుబుక్కంట! అంగన్‌వాడీలో రాసి రాసి నీకు ఈ జబ్బు పట్టుకునింది. ముక్కు చీదితే కూడా రిజిస్టర్లో ఎక్కియ్యాల.”

“నాకు పట్టుకున్న జబ్బు వేరేదప్పా. గోధుమ పడదు. చపాతీ, పూరీ, రవ్వ, మైదా, సేమ్యా, బ్రెడ్డు, ఏదీ రవంత కూడా పడదు. చచ్చేదాకా పడదు. డాక్టరమ్మ నీ ముందరే చెప్పింది. నీ నోట్లోకి మాత్రం ఆ మాట రాదు.”

“పడదంటే తినాకు. ఎవురు తినమన్యారు? తెల్లన్నం తిను, పెరుగన్నం తిను. ఓడలో అన్నం ఉండదా? మన డిపోవాళ్ళు ఎనిమిది జంటలు వస్తాండారు. వాళ్ళందరి ముందర గ్లాసులో రాగిపిండి కలుపుకోని తాగితే నా మొగం యాడ పెట్టుకోవాల?”

“ఉండే చోటనే పెట్టుకో.”

“నవ్వులాటగా ఉండాదా నీకు?”

“పదకొండేండ్లు కడుపు పట్టుకోని ఏడ్చినదానికి నవ్వులాట యాడిది? ఒంట్లో రక్తం లేదన్యారు. ఇనుము మాత్రలు మింగినా. గ్యాసన్యారు, దానికీ మింగినా. బెంగుళూర్లో కెమెరా పెట్టి సూస్తేగానీ తెలీలేదు, రోజూ రాత్రి చపాతీ అని నా తట్టలో నేనే విషం వడ్డించుకుంటాండానని. ఎవురు పెట్టిన రూలు అది? ఈ ఇంట్లో రాగిసంగటి ఉడకకూడదు, చపాతీనే అన్యది ఎవురు?”

“ఇప్పుడది యాల?”

“ఎవురు?”

“నేనే. ఏం, తప్పా? మా నాయన కూలికి పొయ్యి తెచ్చిన రాగులు తిని పెరిగినోణ్ణి నేను. పెద్దోళ్ళ ఇండ్లల్లో పెండ్లయితే అందరూ లేచినాక మమ్మల్ని కూర్చోబెట్టేవాళ్ళు. ఉద్యోగం పర్మనెంటయిన రోజు అనుకున్యా, నా పెండ్లాం పిల్లలు ఇంగ ఆ తిండి తినకూడదని. దానికి కూడా నన్ను బోనెక్కిస్తావా?”

“లేదయ్యా. మంచి మనసుతోనే చేసినావు. చపాతీ పడకపోవడం నీ తప్పు కాదు, నా తప్పూ కాదు. కానీ డాక్టరమ్మ చెప్పినాక కూడా నువ్వు సిగ్గు పడితివి సూడు, అది నీ తప్పే. చుట్టాలొస్తే సంగటి కుండ వంటింట్లో దాచమంటివి.”

“దాచితే ఏం పోయింది? నువ్వు దాచలేదు గదా. దాసప్ప మిల్లుకాడ ఊరంతా వినేటట్లు గలాటా చేస్తివి.”

“చెయ్యక? సంగటే తింటాండా, నాలుగు నెలలైనా నొప్పి తగ్గలే. యాల తగ్గలేదని ఏ డాక్టరూ చెప్పలే, నేనే కనిపెట్టినా. నా రాగులకు ముందర ఎవురివో గోధుమలు ఆడించినాడు దాసప్ప. ఆ పిండంతా రాళ్ళ సందుల్లో ఉండి, నా రాగిపిండిలోకి వచ్చేస్తాండాది. ‘పొద్దున్నే మిషను తుడిచి నావి ముందర ఆడిస్తావా, లేకుంటే ఈన్నే కూర్చుంటా’ అన్యా. తప్పేముండాది?”

“ఆరుగంటలకు మిల్లుకాడ ధర్నా! కండక్టరు మునిచంద్ర పెండ్లాం!”

“ఇప్పుడు పొద్దున్నే రాగులు ఆడించుకునేదానికి ఇంగ ఇద్దరు ఆడోళ్ళు వస్తాండారు తెలుసునా? వాళ్ళకూ ఇదే. నోరు తెరిచి చెప్పుకోలేక ఇన్నాళ్ళూ ఊరికే ఉండారు.”

“సరే సరే. నా చొక్కాలు పెట్టినావా?”

“నీవి బీరువాలో మడిచి పెట్టినా.”

“బీరువాలో యాల? పెట్టెలో పెట్టు.”

“సూస్తాంలే. ఆ ప్యాకెట్లు నలపాకు, సీలు పోతాది! ఇంట్లో ఆడించిన పిండి, వండిన తిండి ఓడలోకి రానియ్యరు. అంగడి ప్యాకెట్టు, మీద పేరు అచ్చేసింది, ఇప్పనిది అయితేనే రానిస్తారంట. ఇది గుడుపల్లె పొదుపు సంఘమోళ్ళు వేయించి ఆడించిన పిండి. వాళ్ళ మిషన్లో రాగులు తప్ప ఇంగేం పొయ్యరు. రూములో కెటిలు పెట్టుకోనియ్యరు గానీ, అడిగితే ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చిస్తారు. కలుపుకుంటే అయిపాయె. ఇదంతా మదనపల్లె హరినాథ్‌తో ఓడోళ్ళకు ఫోన్ చేయించి అడిగినా.”

“ట్రావెల్సు హరినాథ్‌కు చెప్పేస్తివా నీ సంగతి?”

“టికెట్టు రాసేటప్పుడే చెప్పాల. అప్పుడే ఓడ వంటోళ్ళకు ముందుగానే తెలుస్తాది. ఎక్కిన రోజే భోజనాల హాలు సూసుకునే పెద్దాయనను కలిసి ఇంగొకతూరి చెప్పాల. రోజూ ఒకే బల్లకాడ, ఒకే మనిషి వడ్డించేటట్లు అడగాల. ఎవురికి వాళ్ళు పెట్టుకునే వరసలోకి పోకూడదు, ఆడ ఒకే గరిటె అన్నిట్లో పెడతారు.”

“ఓరి దేముడా. హరినాథ్‌కు తెలిస్తే డిపో గ్రూపులో అందరికీ తెలిసినట్లే!”

“వాడు పెట్టలే. నేనే పెట్టినా.”

“ఏం పెట్టినావు?”

“‘నాకు గోధుమ పడదు, రేవులో దిగినాక హోటలుకు పొయ్యేముందు నన్ను ఒక మాట అడగండి’ అని. గంగులయ్య పెండ్లాం జవాబు కూడా ఇచ్చింది. వాళ్ళ చెల్లెలికీ ఇదేనంట, ఏం తినాలో రాసియ్యమనింది.”

“నన్ను అడక్కుండా పెడతావా? నేను ఫోన్లో సూసుకోలేదే! అందుకేనా పొద్దున గంగులయ్య ఫోన్ చేసి ‘ఏమప్పా, ఇంట్లో ఆరోగ్యం ఎట్లుండాది’ అన్యాడు? నేను బ్రమ్మాండం అంటి!”

“నా ఆరోగ్యం బ్రమ్మాండంగానే ఉండాది. తినకూడనిది తినకుంటే.”

“వాల్మీకిపురం పెండ్లిలో కూడా ఇట్లే అంటివి. గోధుమ లేదు, సాంబారన్నమే గదా అంటివి. గంటలోపల కండ్లు తేలేస్తివి! నిన్ను ఈ చేతులమీద ఎత్తుకోని ఆటోలో వేసుకుపొయ్యింది నేను. నాకు ఎంత భయమైందో నీకేం తెలుసు?”

“...తెలుసు.”

“మల్ల?”

“సాంబార్లో ఇంగువ, ఇంగువలో మైదా కలుపుతారు. అది నాకు ఆ రోజు తెలీదు. ఈ రోజు తెలుసు. నువ్వు నన్ను ఎత్తుకుపొయ్యింది మరిచిపోనయ్యా, జన్మలో మరిచిపోను. కానీ ఆస్పత్రిలో డాక్టరు ఏమైందని అడిగితే ‘ఎండ దెబ్బ’ అంటివి. పెండ్లోళ్ళు పక్కనుండారని ఎండ దెబ్బ అంటివి! వాళ్ళు ఎండకు వైద్యం చేసినారు నాకు. అది కూడా మరిచిపోను.”

“అందరూ సూస్తాండారు... నోటికి అట్ల వచ్చేసింది.”

“ఓడలో కూడా అందరూ సూస్తారు. ఆడ నీ నోటికి ఏమొస్తాది?”

“అందుకే చెప్తాండా, ఒక పని చేద్దాం. ఓడలో ఉన్నంతసేపూ పరవాలేదు, ఎవురో ఒకరు చేసిపెడతారు. రేవులో మాత్రం నువ్వు దిగాకు. నేను దిగి, అంతా సూసి, ఫోటోలు తీసుకోనొస్తా.”

“ఏమంటివి?”

“నీ మంచికే. రేవులో ఏం తింటావు? అది వేరే దేశం. వాళ్ళ భాష నీకు రాదు, నీ బాధ వాళ్ళకు తెలీదు.”

“శ్రీలంక దాకా పొయ్యి, మెట్లు దిగకుండా కిటికీలోంచి సూసి రావాల్నా? దానికి టీవీ చాలు గదా! ఇను, రేవులో ఏం తింటానో. ఓడలో కడుపునిండా తిని దిగుతా. వండిన తిండి, పండ్లు కిందికి తీసుకుపోనియ్యరు, సీలు ప్యాకెట్టయితే ఏమనరంట. దిగినాక ఎర్రబియ్యం పిండితో ఒత్తిన ఇడియాప్పం ఉంటాది. దాంట్లో మైదా కలిపినారా అని అడుగుతా. కలిపుంటే అన్నం, కొబ్బరి కూర. దానిమీదా అనుమానముంటే ఉడికిన గుడ్డు, అరటిపండు, లేత టెంకాయ నీళ్ళు. పరోటా ముక్కలు తరిగి రేకుమీద తపతపా కొడతారంట, దాని దరిదాపులకు పోను. సోయా సాసు పోసింది ముట్టను, దాంట్లోనూ గోధుమే. చేప వేయించుంటే, అదే నూనెలో ఇంగేమేం వేసినారని అడుగుతా.”

“ఎవుర్ని అడుగుతావు? ఏ భాషలో?”

“ఈ కార్డు సూడు. ఈ పక్క తమిళం. కుప్పంలో మా దీప టీచరు రాసిచ్చింది. ఆ పక్క సింహళం. మీ అక్క శారదమ్మ కువైట్‌లో పనిచేసేటప్పుడు తోడుగా ఉన్న్యామె సింహళామె గదా, ఆమె ఫోన్లో రాసి పంపింది. ‘గోధుమ, మైదా, రవ్వ, సోయా సాసు తింటే నాకు ప్రమాదం. వేరే గిన్నెలో, కడిగిన గరిటెతో వడ్డించండి. మీకు పుణ్యముంటాది.’ ఆఖరి మాట నేనే పెట్టించినా.”

“మా అక్కను కూడా లాగితివా దీంట్లోకి?”

“ఆమె ఎనిమిదేండ్లు పరాయి దేశంలో బతికొచ్చినామె. నీ మాదిరి మదనపల్లె బస్సులో టికెట్లు కొట్టి లోకమంతా సూసినాననుకోలే.”

“నోరు! నోరు అదుపులో పెట్టుకో. ఆ కార్డు తీసి హోటల్లో సూపిస్తే నేను నీ పక్కన కూర్చోను. చెప్తాండా.”

“కూర్చోవా?”

“కూర్చోను. వేరే బల్లకాడికి పోతా. ఇను, మూడు మాటలు. రాగిపిండి ఈన్నే పెట్టేసి రావాల. కార్డు బయటికి తియ్యకూడదు. రేవులో దిగకూడదు. ఒప్పుకుంటే సరే. లేకుంటే నేను రాను పో!”

“సరే.”

“ఏం సరే?”

“సరే అంటే సరే.”

“ఒప్పుకున్యట్లేనా?”

“రాజమ్మా! ఓ రాజమ్మా! తలుపు తీసేసి పెట్టుకోని అరుచుకుంటాండారే, బస్టాండు దాకా ఇనపడతాండాది!”

“రా వదినా, రా. నీళ్ళు తాగుతావా?”

“అక్కా! మంచి టైముకు వస్తివి. రామసముద్రం బస్సు దొరికిందా? కూర్చో. నువ్వే చెప్పు ఈమెకు. ఓడలో రాగిపిండి తాగుతాదంట, దేశం గాని దేశంలో అందరికీ కార్డు సూపించి నాకు రోగం అని చెప్పుకుంటాదంట.”

“ఇన్యానులే మునీ, వీధిలోంచే ఇన్యాను. నేను కువైట్‌లో రాగిపిండి తాగే బతికినా. నామర్దా ఏముండాది? సరే, నువ్వేమంటివి?”

“ఇవన్నీ మానుకోకుంటే నేను రానంటి.”

“గట్టిగానే అంటివా?”

“గట్టిగానే. మునిచంద్ర ఒక మాట అంటే అంతే.”

“ముప్పై రెండేండ్లనుంచి నాతో అదే మాట వదినా. మా తమ్ముడు కొత్తింట్లో చేరతాండాడు, పోదామంటే, నేను రాను పో. బెంగుళూరు ఆస్పత్రికి పోదామంటే, ముందర నేను రాను పో. ఆ మాట పడినప్పుడంతా పెట్టె సర్దేది నేనే, మల్ల బట్టలు తీసి దండెం మీద వేసేది నేనే.”

“మల్ల ఏడుపు మొదలు. సరేలే అక్కా, ఆమె దారికొస్తాది, ఎప్పుడూ వచ్చేదే గదా. బ్యాగు కూడా తెచ్చుకున్యావు, మంచి పని చేస్తివి. చెన్నై బస్సు సాయంత్రం. ఇంటి బీగాలు నీ చేతికిచ్చి పోతాము. ఐదుదినాలు ఈన్నే ఉండు.”

“రాజమ్మా, వీనికి నువ్వింగా చెప్పలేదా?”

“చెప్దామనే ఉన్న్యా వదినా. ఈ రోజన్నా ఒక్క మాట మంచిగా అంటాడేమోనని సూస్తి.”

“ఏం చెప్పేది?”

“నెల కిందట కూడా నువ్వు ఇదే అంటివి, నేను రాను పో అని. తెల్లారేసరికి నువ్వు మరిచిపోతివి. నేను మరవలే. ఈసారి ఏడవలేదు, బతిమాలలేదు. హరినాథ్‌కు ఫోన్ చేసినా. ఓడ కదిలేదానికి ఇన్ని దినాల ముందయితే రూములో రెండో మనిషి పేరు మార్చొచ్చంట. వాడు రెండుతూర్లు అడిగినాడు, ‘ఖాయమా అమ్మా’ అని. ఖాయమే అంటి.”

“పేరు మార్చేదేంది? ఎవురి పేరు? అక్కా, ఏందే ఇది? నువ్వు బీగాల కోసం రాలేదా?”

“బీగాలు నాకు యాలరా మునీ? ఇంట్లో నువ్వుంటావు గదా.”