చీలిక దగ్గర ఆగిన లారీ

కేసు కొట్టేసిన రోజు మధ్యాహ్నం లారీ డ్రైవరు కోర్టు నుంచి తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు. బావ నడిపే బియ్యం మిల్లు వెనకే ఇల్లు. వంటింట్లో అక్క ఒక్కతే ఉంది.

"కొట్టేశారంటే పూర్తిగా కొట్టేసినట్టేనా? మళ్ళీ పిలవరుగా?"

"పిలవరక్కా. జడ్జిగారు చదివేశారు, నేను దణ్ణం పెట్టేశాను, అయిపోయింది."

"మరి లారీ?"

"ఇచ్చెయ్యమన్నారు. వస్తూ స్టేషను దొడ్లో చూసొచ్చాను. టైర్లు నేలలోకి దిగబడిపోయాయి. ఇంజన్లో ఎలుకలు కాపురం పెట్టాయి. ఇక బియ్యం సంగతి అడక్కు. వానలకి నాని, బూజు పట్టి, బస్తాలకి బస్తాలే బండరాళ్ళయ్యాయి."

"పోనీలేరా. మనిషివి బయటపడ్డావు, అది చాలు. చేతులు కడుక్కునిరా, వడ్డించేస్తాను."

"బావ ఏడీ?"

"పనిమీద వెళ్ళారు. ఏం?"

"ఏం లేదు. అడిగాను."

"ఏడీ అంటున్నావు. ఎప్పుడూ బావగారెక్కడ అని కదా అడుగుతావు."

"ఇవాళ్టి నుంచి ఇంతే అనుకో."

"ఏమైందిరా నీకు? సంతోషంగా రావాల్సినవాడివి. వకీలుగారు బాగా వాదించారటగా."

"బాగానే వాదించారు. పర్మిట్టు లేకుండా బియ్యం పక్క రాష్ట్రానికి తోలితే నేరమే, కాదనను అన్నారు. కానీ ఇతన్ని పట్టుకున్నది సరిహద్దు వంతెన మీద కాదు, దానికి ఇవతల రోడ్డు రెండుగా చీలే చోట. ఒక రోడ్డు వంతెన ఎక్కుతుంది, రెండోది మన రాష్ట్రంలోకే తిరిగొస్తుంది. లారీ ఆగి ఉంది, డ్రైవరు హోటల్లో అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కుని లారీ ఎటు తిప్పేవాడో ఎవరు చెప్పగలరు అన్నారు. జడ్జిగారు కూడా ఆ మాటే పట్టుకున్నారు."

"దేవుడు చల్లగా చూశాడు."

"దేవుడి సంగతి నాకు తెలీదు. నువ్వు చూశావు. ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చెయ్యకపోతే నేను ఆగేవాణ్ణే కాదు. ఖాళీ కడుపుతో వంతెన ఎక్కకురా, చీలిక దగ్గర హోటల్లో తిని పో అన్నావు. నువ్వా మాట అనకపోతే ఈపాటికి జైల్లో ఉండేవాణ్ణి."

"ఇప్పుడవన్నీ ఎందుకు? అన్నం చల్లారిపోతోంది."

"ఆకలి లేదక్కా. నీకొకటి చెప్పాలి. విన్నాక నువ్వు ఏడవకూడదు."

"చెప్పు."

"గెలిచిన ఊపులో వకీలుగారు నా భుజం తట్టి, మీ బావ మహా ముందుచూపున్న మనిషయ్యా అన్నారు. ఎందుకండీ అంటే, ఎక్కడ పట్టుబడితే కేసు నిలవదు అని ముందే వచ్చి అడిగి వెళ్ళాడన్నారు. చీలిక దాటకుండా ఉంటే నిలవదని ఈయన చెప్పారట. ఎప్పుడొచ్చాడండీ అన్నాను. నన్ను పట్టుకోవడానికి వారం ముందట. అప్పుడు చూసుకున్నారాయన, నోరు జారానని. కాగితాలు సర్దుకుంటూ చక్కా పోయారు."

"మీ బావ జాగ్రత్త మనిషి. ఎందుకైనా మంచిదని అడిగుంటారు."

"నేనూ అలాగే సరిపెట్టుకుందామనుకున్నాను. ఈలోగా చెక్‌పోస్టు జవాను ఎదురయ్యాడు. నా మీద సాక్ష్యం చెప్పినవాడే. కేసైపోయింది కదా, రా టీ తాగుదాం అన్నాడు. తాగుతూ తాగుతూ నవ్వుతున్నాడు. ఆ రోజు నీ ఒక్క లారీ కోసం మా అందర్నీ చీలిక దగ్గరికి పరిగెత్తించారయ్యా, ఎవరో ఫోన్ చేసి చెప్పారట, సరిహద్దుకి పోయే ఇంకో రోడ్డు మీద మా రెండో చెక్‌పోస్టుంది, అక్కడ గేటు ఎత్తేసి ఉంది, కాపలాకి కుక్క కూడా లేదు అన్నాడు. మేం నీ బస్తాలు లెక్కపెడుతుంటే, రెండో చెక్‌పోస్టు మీదుగా లారీలు పెళ్ళి ఊరేగింపులా పోయాయట. ఏడో, ఎనిమిదో."

"ఆరు. కూర వేసుకో."

"ఆరని నీకెలా తెలుసు?"

"ఆయనే చెప్పారు. తర్వాత."

"తర్వాతంటే?"

"తర్వాతేరా. నువ్వు లోపలున్నప్పుడు."

"అంటే ఇన్నాళ్ళూ నీకు తెలుసు. నేను వాయిదాలకి తిరుగుతుంటే, ప్రతిసారీ నీ చేతి అన్నం తిని వెళ్తుంటే, తెలిసే వడ్డించావు."

"చెబితే నువ్వు తట్టుకుంటావా? మీ బావ మీద పడి కొట్టేవాడివి."

"కొట్టేవాణ్ణే."

"మిల్లు చేజారిపోయే రోజులురా అవి. ఆ లారీలు దాటకపోతే ఈ కప్పు కింద మేము ఉండేవాళ్ళం కాదు. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను?"

"నా ఇంటికి రావాల్సింది. అమ్మ పోయాక నన్ను నడుం మీద మోసి పెంచావు. నిన్నూ నీ పిల్లల్నీ నేను చూసుకోలేనా? సరే, ఆ రోజు నీకు తెలీదు. తెలిశాక భయపడి చెప్పలేదు. దాన్ని నేను తప్పు పట్టను. ఇప్పటికైనా లే. పిల్లలు బడి నుంచి రాగానే బట్టలు సర్దు. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ బియ్యం ఎవరివో ఆఫీసరుకి చెప్పేస్తాను. అప్పుడు నువ్వీ ఇంట్లో ఉండకూడదు."

"అలా చెయ్యకు."

"ఎందుకు చెయ్యకూడదు? స్టేషన్లో ఒళ్ళు హూనం చేశారక్కా. ఎవరి బియ్యంరా అని అడిగిన ప్రతిసారీ నావే, ఊళ్ళు తిరిగి నేనే కొన్నాను అన్నాను. బావ కోసం కాదు. వాడి పేరు చెబితే నీ కాపురం కూలిపోతుందని. ఇప్పటికీ ఎడం చెయ్యి పైకి లేవదు. ఇదిగో, ఇంతే. స్టీరింగు తిప్పడానికి పనికిరాదు."

"చూశాను."

"చూస్తే సరిపోయిందా?"

"ప్రతిసారీ చూశానురా. నువ్వు కుడిచేత్తోనే చెంబు అందుకుని, కుడిచేత్తోనే తాగి, ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడివి. చూడలేదనుకున్నావా?"

"మరెందుకు వాణ్ణి వెనకేసుకొస్తావు?"

"వెనకేసుకు రావట్లేదు."

"ఒక్కటి నాకు అర్థం కాదు. ఏడు లారీలున్నాయి. నాదే ఎందుకు? మిగతా ఆరుగురూ పరాయివాళ్ళు. వాళ్ళలో ఒకణ్ణి ఇరికించొచ్చుగా. సొంత బావమరిదే దొరికానా?"

"పరాయివాళ్ళు రెండు దెబ్బలు పడగానే అంతా కక్కేస్తారు. అప్పుడు ఏడు లారీలూ పోతాయి, మిల్లూ పోతుంది. నువ్వైతే చంపినా మా పేరు చెప్పవు."

"అలా అన్నాడా?"

"తినరా. నీ కోసమే వండాను."

"నా గురించి అలా అన్నాడా బావ? చంపినా చెప్పడు అని లెక్క వేసుకుని మరీ నన్ను పంపాడా?"

"ఆయనెక్కడ నమ్మారు? వద్దు, వాడు చెప్పేస్తాడు, అందరం మునుగుతాం అని రాత్రంతా ఒకటే గొడవ. వాడు నా పెంపకం, చెప్పడు అని ఆయన్ని ఒప్పించింది నేను."