మోకాలి దగ్గరి అర

"నేను విమానంలో ఉండగా నా లాప్‌టాప్‌లో సాక్షి ఫైలు ఎవరో తెరిచినారు, చెంగల్రాయుడన్నా!"

"గాల్లోనా భానుశ్రీ మేడం?"

"శుక్రవారం పొద్దున తొమ్మిదీ నలభైకి. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే జెస్సీ ఇప్పుడే ఫోను చేసి చెప్పింది. ఆ సాక్షి సుకుమార్ నిన్న సాయంత్రం నుంచి ఫోను ఎత్తడంలా. తొందరగా పోనీ. వాడుండే పలమనేరు ఇంకా ఎంత దూరం?"

"చిత్తూరు దాటినాం గదా. వస్తాది."

"నలభైలో తోలతా ఉండావు! నేను సర్కారు తరఫున వాదించే ఎర్రచందనం కేసులో నోరు విప్పింది వాడొక్కడే. వాడు పోతే మొత్తం పోతాది."

"మొగిలి ఘాటు మేడం. ముందర లారీలు. పోలీసోళ్లకు సెప్పకపోయినారా?"

"వాడు దాక్కున్న ఇల్లు ఆ ఫైల్లో తప్ప యాడా రాయలేదు. ఎవరు అమ్ముడుపోయినారో తెలీకుండా ఎవరికి చెప్పేది?"

"ఇమానంలో పక్క సీటోడు సూసింటాడు."

"ఎట్ట చూస్తాడు? పక్కోళ్లకు కనపడకుండా తెర మీద నల్ల పొర అంటించినా. ఆ రోజు తెరవనే లేదు. చిన్న విమానం, పైన అర నిండిపోయిందని మెట్ల దగ్గరే బ్యాగు తీసుకుని, ట్యాగు కట్టి కింద సామాన్లలో వేసినారు. వద్దు వద్దన్నా వినలేదు."

"ఇంకేం, ఆ సామాన్లోళ్లే..."

"ఎగిరే విమానం పొట్టలో కూర్చుని ఫైలు చదివినారా?"

"నాకేం తెలుసు మేడం, స్టీరింగు తప్ప."

"ఉండు, ఉండు. హైదరాబాదులో దిగినాక అది ఆన్ కాలేదు. సామాన్లలో పడి దెబ్బ తగిలిందనుకున్నా. శనివారం తిరిగొచ్చి ఇంట్లో నొక్కితే చక్కగా పనిచేసింది."

"మిషన్లు అంతే మేడం. ఒకపూట ఒకమాదిరి."

"కాదు. నేను తీసుకుపోయింది నాది కాదు. ఆఫీసు బీరువాలో చెడిపోయినవి నాలుగు పడుండాయి. అన్నీ ఒకటే రంగు, ఒకటే కంపెనీ. దాంట్లో ఒకటి నా బ్యాగులో మార్చి పెట్టినారు."

"ఏసీ పెంచేదా?"

"వద్దు. శుక్రవారం ఆ బ్యాగు నా చెయ్యి దాటింది ఎప్పుడు?"

"నన్నడిగితే?"

"తిరుచానూరులో. అమ్మవారికి మొక్కుకోకుండా నేను ఊరు దాటను. లోపలికి లాప్‌టాప్ పోనీరు. బ్యాగు నీ చేతికిచ్చినా."

"ప్రతిసారీ ఇస్తారు గదా."

"ప్రతిసారీ ఇస్తా. శనివారం రేణిగుంటలో దిగితే బ్యాగు అందుకుని డిక్కీలో పెట్టిందీ నువ్వే. అన్నా... పాస్‌వర్డు నీకెట్ట తెలిసింది?"

"నీళ్లు తాగండి మేడం."

"పాస్‌వర్డు!"

"ఇమానంలో ఎవుడో సూస్తాడని నల్ల పొర అంటించినారు. ఈ కార్లో ఎనక సీట్లో కూసోని రోజూ కొడతారు. నా నెత్తి మీద అద్దం ఉండాది. రవ్వంత కిందికి తిప్పుకున్నా, అంతే."

"ఎవరికి అమ్మినావు? ఆ దుంగల దొంగలకా?"

"మా పిల్లోడు మునికుమార్ యాడికి పోయినాడని మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగినాను?"

"దానికీ దీనికీ..."

"ఎన్నిసార్లు మేడం?"

"విచారణలో ఉండేది బయట చెప్పకూడదన్నా."

"చెప్పకూడదు అన్లేదు మీరు. తెలీదన్నారు. వస్తాడులే అన్నారు. వాళ్లమ్మ మూడు నెలలుగా రోజూ వాడికి కంచం పెడతా ఉండాది. ఆ మూడు నెలలూ సంగతి మీ పెట్టెలోనే ఉండాది. అడివిలో దుంగ మోయలేక కూలబడినాడు మావోడు. ఈడు దొరికితే అందరి పేర్లు సెప్పేస్తాడని ఆ సుకుమారే గొడ్డలి ఎత్తినాడు. వాడే ఒప్పుకున్నాడు, వాడే సంతకం పెట్టినాడు. వాడికి మీరు మాఫీ ఇప్పిస్తా ఉండారు."

"వాడు చెప్పకుంటే పైనున్న పెద్దోళ్లు దొరకరన్నా! నీకు చెప్పింటే నువ్వు ఏమైపోతావో అని... సరే, తప్పే. నాదే తప్పు. ఇప్పుడు చెప్పు, ఎవరికి చెప్పినావు? ఇంకా ఆపొచ్చు. వాడు బతికుండొచ్చు. నీ కాళ్లు పట్టుకుంటా, బండి తోలు!"

"ఎవురికీ అమ్మలేదు మేడం. ఎవురికీ సెప్పనూ లేదు. నిన్న సెలవు పెట్టి నేనే పోయినాను. నేను మునికుమార్ నాయన్ని అంటే తలుపు తీసినాడు. అన్నం తింటా ఉండినాడు, తినేదాకా కూసున్నా. చెయ్యి కడుక్కున్నాక సంపినాను. వాడి ఫోను ఈ డోరు అరలోనే ఉండాది. పొద్దున్నించి మీరు చేసినప్పుడల్లా నా మోకాలి దగ్గర వణకతానే ఉండాది."