ఇవాళ్టి తప్పేంటి

ఆసుపత్రి కింది అంతస్తు, కార్లు ఆపే చోటు. చక్రాల కుర్చీలో మూడు రోజుల పాపని ఒళ్లో పెట్టుకుని కూతురు, తాళాల గుత్తి గిరగిరా తిప్పుతూ తండ్రి, పాప కారు సీటు తనిఖీ ఫారం అట్టకి పెట్టుకుని నర్సు. ముప్పై నాలుగేళ్లు ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన పెద్దమనిషి, ఇవాళ సొంత కారు కదపడానికి ఒక నర్సు సంతకం కోసం నిలబడాల్సి వచ్చింది, పాపం.

“ముందుకి కాదు మాస్టారూ. పాప సీటు వెనక్కి తిరిగి ఉండాలి.”

“వెనక్కి తిరిగితే పిల్లకి రోడ్డేం కనపడుతుంది?”

“మూడు రోజుల పిల్ల. రోడ్డు చూసి ఏం చేస్తుంది?”

“అదీ నిజమేలే. అవునూ, నన్ను మాస్టారంటున్నావేంటి?”

“మీ దగ్గరే నేర్చుకున్నాను. తొమ్మిదేళ్లయింది. మీకు గుర్తుండదులెండి.”

“పరీక్ష ఎన్నోసారికి పాసయ్యావు?”

“మూడోసారికి.”

“అందుకే గుర్తులేదు. ఐదారుసార్లు తప్పినవాళ్లయితే పేర్లతో సహా గుర్తుంటారు.”

“నాన్నా, ముందు సీటు తిప్పు.”

“తిప్పుతున్నానమ్మా. దీనికి పిల్లల సీటని పేరు గానీ, విప్పి బిగించేసరికి ఇంజనే నయమనిపిస్తుంది. నీ పెద్దదానికి నాలుగేళ్లు ఇదే సీటు వాడాం. ఏనాడైనా ఇంత తతంగం ఉందా?”

“ఉంది. అప్పుడు మా ఆయన బిగించారు. నువ్వు పక్కన నిలబడి అలా కాదు, అలా కాదు అన్నావు.”

“అలా కాదు కాబట్టే అన్నా.”

“మాస్టారూ, ఆ బెల్టు కింద నుంచి. ఊఁ, ఆ సందులోంచి. ఇప్పుడు మోకాలు సీటు మీద మోపి లాగండి.”

“మోకాలా? ఈ వయసులో?”

“నేను లాగనా?”

“వద్దొద్దు. లాగాను. చాలా?”

“కింది భాగం పట్టుకుని ఊపండి. అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు.”

“కదల్లేదు.”

“మీరు ఊపింది మీ చెయ్యి మాస్టారూ. సీటు పట్టుకుని ఊపండి.”

“కదిలింది.”

“మళ్లీ లాగండి.”

“ఎందుకొచ్చిన గోల అమ్మలూ, ఒళ్లో పెట్టుకుని కూర్చోరాదా. పావుగంట దారి. నిన్ను మీ అమ్మ ఒళ్లోనే తీసుకొచ్చాం. నీకేమైంది, బాగానే ఉన్నావుగా.”

“చూడండి సిస్టర్. ఎవరంటున్నారో చూడండి ఈ మాట.”

“మీరే కదా మాస్టారూ, బ్రేకు కొడితే బండే ఆగుతుంది గానీ మనిషి ఆగడని చెప్పేవారు. ఇసుక బస్తా ఒకటి పెట్టించి, నా చేత బ్రేకు కొట్టించి మరీ చూపించారు.”

“బస్తా అద్దానికి తగిలింది.”

“తగిలింది. రెండు వారాలు ఒళ్లంతా ఇసుకే.”

“ఇప్పుడు గుర్తొచ్చావు. ఆ అమ్మాయివా నువ్వు? మరి బ్రేకు గట్టిగా కొట్టమన్నానని అంత గట్టిగానా?”

“ఇప్పుడు ఊపండి.”

“ఇదిగో. కొండలా ఉంది.”

“బావుంది. పాపని కూర్చోబెట్టండమ్మా. దుప్పటి ఇప్పుడే వద్దు. బెల్టు ఒంటికి తగలాలి, దుప్పటి పైన కప్పొచ్చు. భుజాల దగ్గర బెల్టు రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని చూడండి. వేళ్లకి మడత దొరికితే వదులుగా ఉన్నట్టు.”

“వద్దమ్మలూ, ఇప్పుడే ఎందుకు. నిద్రపోతోంది. సంతకాలయ్యాక కూర్చోబెడదాం.”

“సరే. ఫారంలో ప్రశ్నలే మిగిలాయి. సీటు తయారైన తేదీ?”

“వెనక అచ్చేసి ఉంది. ఇంకా మూడేళ్ల గడువుంది. చూశాను.”

“శభాష్. ముందు సీట్లో పెట్టలేదు కదా?”

“ముందు ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. అది తెరుచుకుంటే పిల్ల ముఖం మీదే. నాకా చెప్తావు?”

“తర్వాతిది. ఈ సీటు కార్లో ఉండగా కారు ఎక్కడైనా గుద్దుకుందా?”

“గుద్దుకోవడమంటే?”

“గుద్దుకోవడమే.”

“అంటే రెండు బళ్లు ఎదురెదురుగా వచ్చా, లేక ఒక బండి దానంతట అదే, నెమ్మదిగా, వేరే దేనికైనా ఆనుకోవడమా?”

“ఆనుకోవడం కాదు మాస్టారూ. తగలడం. బండి, గోడ, ఏదైనా.”

“స్తంభమైనా?”

“స్తంభమని నేనన్నానా?”

“ఊరికే, తెలుసుకుందామని. ముప్పై నాలుగేళ్లు. డ్రైవింగ్ స్కూలు బళ్ల సంగతి వేరు, నా సొంత బండి మీద ఒక్క గీత పడలేదు. ముందు గదిలో ఆ మాటే రాసిన పలక తగిలించి ఉంది, మా అమ్మాయినడుగు.”

“ఉంది సిస్టర్. రోజూ తుడుస్తాడు.”

“అది మీ సంగతి మాస్టారూ. ఇది సీటు సంగతి. లేదు అని రాసుకోనా?”

“రాసుకో. ఆగు. ఇదెందుకడుగుతారసలు?”

“దెబ్బ తగిలితే లోపల ప్లాస్టిక్ బీట వారొచ్చు. పైకి కనపడదు. రెండోసారి తగిలినప్పుడు పిల్లని ఆపుతుందని నమ్మకం లేదు.”

“చిన్న దెబ్బకి కూడానా?”

“ఈ సీటుతో వచ్చిన పుస్తకంలో ఎంత చిన్నదైనా మార్చేయమనే ఉంది.”

“ఎవరు చదువుతారు ఆ పుస్తకం?”

“మీరు మా చేత బండి పుస్తకం మొత్తం చదివించారు.”

“అవునవును. అమ్మలూ, ఈ సీటు రంగు చూశావా?”

“బూడిద రంగు. ఏం?”

“వెలిసిపోయింది. పిల్ల మొదటిసారి ఇంటికొస్తోంది. కొత్త సీటు కొంటే బావుంటుందేమో.”

“ఒంటి మీద చొక్కా కూడా అక్కదే నాన్నా. దాని రంగూ వెలిసింది.”

“పెద్దది దీని మీద ఎన్నిసార్లు కక్కిందో.”

“ఉతికాను. రెండుసార్లు.”

“పెద్దయ్యాక అడుగుతుంది, అక్కకి కొత్తది, నాకు పాతదా అని.”

“అడిగితే నీ దగ్గరికి పంపిస్తాలే.”

“షాపు ఎదురుగానే ఉంది. పది నిమిషాల్లో వచ్చేస్తా. మీరిద్దరూ ఇక్కడే కూర్చోండి.”

“నాన్నా. సీటు బాగానే ఉంది. ఎందుకు?”

“ఊరికే. మనసుకి ఎలాగో ఉంది.”

“నేను పుట్టి బుద్ధెరిగాక నువ్వు మనసు అన్న మాట అనడం ఇదే మొదటిసారి.”

“ఇంకా చాలాసార్లు అనుకున్నా. పైకి అనలేదు.”

“చూడు నాన్నా. ఆయన ఓడ దిగేసరికి నాలుగు నెలలు. అప్పటిదాకా పెద్దదాన్ని బడికి తిప్పాలన్నా, దీన్ని టీకాలకి తీసుకెళ్లాలన్నా నువ్వే. పిల్లలిద్దర్నీ నీ చేతిలో పెడుతున్నాను. సీటు బావుందా లేదా, ఒక్క మాట చెప్పు. రంగు సంగతి కాదు.”

“గట్టిగానే బిగించాను.”

“అది కాదు నేనడిగింది.”

“మాస్టారూ, మీరు పాఠం అయ్యాక బండి పక్కకి ఆపించి ఒకటే అడిగేవారు, గుర్తుందా?”

“నాకు గుర్తులేకపోవడమేంటి. అందర్నీ అడిగేవాణ్ని.”

“ఏం లేదండీ అన్నవాళ్లకి మర్నాడు మళ్లీ అదే పాఠం. నేను ఎడమవైపు మలుపే పదకొండు రోజులు తిరిగాను.”

“నన్ను అన్నం తినేటప్పుడు కూడా అడిగేవాడు సిస్టర్. తప్పు చేసినందుకు ఏనాడూ తిట్టలేదు. చెప్పకపోతేనే.”

“అయితే మాస్టారూ, మీ ప్రశ్న మీకే. ఇవాళ్టి తప్పేంటి?”

“ఇవాళ్టిది కాదు.”

“మరి?”

“రెండు నెలలయింది. నువ్వు లేదని రాయకు.”

“రాయలేదు. పెన్ను మూతే తీయలేదు.”

“పెద్దదాన్ని బడి నుంచి తెస్తూ కూరగాయల కోసం ఆగాను. తిరిగొచ్చి బండి వెనక్కి తీశాను. వెనక స్తంభం.”

“స్తంభం వచ్చి గుద్దిందా?”

“లేదు అమ్మలూ. అది ఉన్నచోటే ఉంది.”

“అద్దం చూశావా?”

“చూశాను. కానీ అద్దంలో పెద్దది కనపడింది. బడిలో కొత్తగా నేర్చుకున్న పాట పాడుతోంది, చేతులు తిప్పుకుంటూ. దాన్నే చూస్తూ ఉండిపోయాను. స్తంభాన్ని చూడలేదు.”

“ఎంత గట్టిగా?”

“బంపరు లోపలికి పోయింది. పిల్లకేం కాలేదు. ఏడవను కూడా లేదు. తాతా, మళ్లీ చెయ్యి అంది.”

“బండి రెండ్రోజులు లేదు. టైర్లు మార్పిస్తున్నా అన్నావు.”

“అన్నాను.”

“ఎందుకు చెప్పలేదు నాన్నా?”

“చెప్తే పిల్లని మళ్లీ నా బండి ఎక్కించవని భయమేసింది. మీ అమ్మ పోయాక నేను పొద్దున్నే లేచి గడ్డం గీసుకునేది దాన్ని బడికి దింపడానికేనమ్మా. అది లేకపోతే నాకు తెల్లారినా ఒకటే, తెల్లారకపోయినా ఒకటే.”

“మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?”

“ఈ పిల్ల మెడ ఇంకా నిలవట్లేదు. గోడ మీద పలక కోసం దీన్ని తీసుకెళ్లి బీట వారిన సీట్లో కూర్చోబెట్టమంటావా? ఇదిగో తాళాలు. ఇంక నేను నడపను. పిల్లల్ని బండెక్కించుకునే అర్హత నాకు లేదు.”

“నాకెందుకు తాళాలు? కుట్లు మానేదాకా నేను నడపకూడదు.”

“మరెవరు నడుపుతారు?”

“సిస్టర్, ఫారంలో ఆ గుద్దుకోవడం సంగతి ఎన్నో ప్రశ్న?”

“మొదటిదేనమ్మా. పొద్దున్నే మీరు రాయించారు కదా, గుద్దుకుంది, సీటు మార్చాం అని.”

“మార్చాం అంటే?”

“నాన్నా, రెండ్రోజులుగా నా మంచం పక్కన పెట్టె మీద కూర్చుని పేపరు చదువుతున్నావు. పైన తువ్వాలు కప్పి ఉంది. అదేమనుకున్నావు?”

“ఆసుపత్రి వాళ్ల బల్ల అనుకున్నాను. కాస్త ఎత్తు తక్కువైందని వార్డుబాయ్‌కి కూడా చెప్పాను.”

“కొత్త సీటు అది. వార్డుబాయ్ లిఫ్ట్ దగ్గర పట్టుకుని నిలబడ్డాడు చూడు.”

“అంటే నీకు ముందే తెలుసా? పెద్దది చెప్పేసిందా? చెప్పనని నాకు మాటిచ్చింది.”

“మాట తప్పలేదు. నాకు చెప్పలేదు.”

“మరి?”

“ఆ సాయంత్రం బొమ్మని బొమ్మ కార్లో కూర్చోబెట్టి తీసుకెళ్లి మంచం కోడుకి గుద్దింది. గుద్ది, ఆ బొమ్మ చెవిలో చెప్పింది, అమ్మకి చెప్పకు, సరేనా, చెప్తే తాతని రానివ్వదు అని. అప్పట్నుంచీ రోజూ అదే ఆట.”

“అయ్యో.”

“నువ్వు స్తంభానికి గుద్దినందుకు నాకు కోపం రాలేదు నాన్నా. నాలుగేళ్ల పిల్లకి దాచడం నేర్పావు. అదీ నా దగ్గర. ఆ రాత్రంతా ఏడ్చాను.”

“మరి నన్ను అడగొచ్చు కదా.”

“అడిగితే చెప్పడం వేరు. నువ్వే నేర్పావు. నీ అంతట నువ్వే చెప్తావని రెండు నెలలు చూశాను. మర్నాడే పెద్దదానికి పెద్ద సీటు కొన్నాను చూడు, ఎందుకనుకున్నావు?”

“పొడుగైందని అన్నావు.”

“అన్నాను.”

“మాస్టారూ, ఇదిగో కత్తెర. పాత సీటు బెల్టులు కత్తిరించేయండి. లేకపోతే బావుంది కదా అని ఎవరో ఒకరు తీసుకెళ్లి వాళ్ల పిల్లని కూర్చోబెడతారు.”

“ఇటివ్వు. ఇది మొద్దుబారింది. ఇంత గట్టి బెల్టు ఎలా తెగుతుంది?”

“తెగుతుంది. మోకాలు మోపండి.”

“తెగింది. ఇంటికెళ్లాక పెద్దదానితో నేను మాట్లాడతాను అమ్మలూ. తాత తప్పు చేశాడు, అమ్మకి చెప్పేశాడు అని చెప్తాను.”

“చెప్పు. బొమ్మకి కూడా చెప్పు.”

“చెప్తాను. ఆ పలక కూడా తీసేస్తాను.”

“పలక ఉండనీ. పక్కన తేదీ వేసి స్తంభం అని రాయి.”

“కొత్త సీటు ఇటు తెమ్మను. వెనక్కి తిప్పి, మోకాలు మోపి. అంగుళం కదిలినా నన్ను అడుగు. అవునమ్మా, ఒక్క మాట. నేను చెప్పకపోయి ఉంటే? లేదు అని రాయించి ఉంటే?”

“సిస్టర్, గేటు దగ్గర టాక్సీ ఒకటి గంట నుంచి నాకోసం ఆగి ఉంది. ఇంక అక్కర్లేదని చెప్పించండి.”