నాలుగు ఇంజెక్టర్లూ మార్పించిన మా అక్క

ఏంట్రా, మొహం అలా వేలాడేసుకుని వచ్చావు? మెకానిక్ ఏమన్నాడేంటి? ఇంజెక్టర్లా! నాలుగూ పోయాయన్నాడా? సరే, కూర్చో ముందు, ఆ చెప్పులు విప్పి కూర్చో. బండి ఖరీదులో సగం అడుగుతున్నాడంటావు... అడగడూ మరి, అప్పట్లో మా ఇంటి బండికీ అంతే అడిగారు. నవ్వుతావేంటి, ఇంజెక్టరంటే నాకు తెలీదనుకున్నావా? లావుపాటి పెన్నంత ఉంటుంది, మూతి దగ్గర కంటికి ఆననంత సన్నటి బొక్కలు. వాటిలోంచి డీజిల్ మంచులాగా చిమ్మాలి. అలా చిమ్మకుండా బొట్లు బొట్లుగా కారిందనుకో, ఇంజన్ దగ్గుతుంది. ఎవరు చెప్పారంటే మీ పెద్దనానమ్మ. నువ్వు పుట్టేసరికే పోయిందిలే, నీకెలా తెలుస్తుంది. నాకు తోడికోడలు, మీ తాత వాళ్ళన్నయ్య భార్య. నేను మాత్రం అక్కా అనే పిలిచేదాన్ని. సొంత అక్కలు ఇద్దరున్నారు నాకు, కానీ అక్కా అని ఎవరన్నా అంటే ఇప్పటికీ ఆవిడే మెదులుతుంది.

ఆ బండి మా బావగారిది, అంటే అక్క వాళ్ళాయనది. పాత పికప్ ట్రక్కు. రంగేంటో చెప్పలేను, ఒకప్పుడు ఆకుపచ్చంట. అద్దాల కొట్టు నుంచి ఇళ్ళకీ షాపులకీ అద్దాలు చేరవేసేవారు ఆయన. వెనక చెక్క చట్రానికి అద్దాలు ఏటవాలుగా నిలబెట్టి, మధ్యమధ్యలో పాత దుప్పట్లు కుక్కి, అబ్బ, ఎంత నెమ్మదిగా నడిపేవారనీ! వీధి మలుపు తిరిగేటప్పుడు చూడాలి. మబ్బులూ, కరెంటు తీగలూ, ఎదురింటి మేడ మీద ఆరేసిన చీరలూ అన్నీ ఆ అద్దంలోకెక్కి ఎటో వెళ్ళిపోతున్నట్టుండేది. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో నేను తోముతున్న గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. మా అత్తగారు లోపల్నించి, "ఏమే చిన్నదానా, నిద్రపోయావా గుమ్మంలో?" అని కేకేసేది. ఆవిడకి ఆ బండి చప్పుడంటే ప్రాణం. వీధి చివర వినపడగానే కొడుకు కోసం టీ నీళ్ళు పెట్టేసేది.

ఏం చెప్తున్నాను? ఆఁ. బావగారు ఉన్నట్టుండి పోయారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, ఆసుపత్రికి నడుచుకుంటూ వెళ్ళిన మనిషి మళ్ళీ నడుచుకుంటూ రాలేదు. ఆ తర్వాత అత్తగారి మనసు చెదిరిపోయింది. బాగున్నప్పుడు బాగానే ఉండేది. లేనప్పుడు మాత్రం సాయంత్రం కాగానే గుమ్మంలో కూర్చుని, "వీడింకా రాలేదేంటే?" అనడం, లేచి వీధిలోకి పోవడం. ఒకరోజు ఎంతకీ కనపడలేదు, ఎక్కడో రైలు పట్టాల పక్కన పట్టుకున్నాం. మీ తాతైతే గడియ వేసి ఉంచుదామన్నారు. అక్క ఒప్పుకోలేదు. బావగారు ఖాళీ మైదానంలో అక్కకి సరదాకి డ్రైవింగ్ నేర్పించారులే ఎప్పుడో. తాళాలు తీసుకుని, "అత్తయ్యా, అలా తిరిగొద్దాం రండి" అంది. అంతే, ఇంజన్ స్టార్టయ్యేసరికి ముసలావిడ మొహం విప్పారింది. నేనూ ఎక్కాను, ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ఆవిడ కళ్ళు మూసుకుని, "నెమ్మదిగా పోనీరా నాన్నా, అద్దాలున్నాయి" అంది. అక్క చూపు రోడ్డు మీంచి తిప్పకుండా, "అలాగేనమ్మా" అంది.

ఇంక అదే అలవాటయింది. ఎండ తగ్గాక ముగ్గురం బయల్దేరేవాళ్ళం. గోడౌన్లు దాటి, ఇటుక బట్టీ దాటి, చెట్ల నీడలు ఒళ్ళోంచి పాక్కుంటూ పోతుంటే... నిద్రా కాదు, మెలకువా కాదు, అదో రకంగా ఉండేది. ఎక్కడికీ వెళ్ళేది లేదు, ఊరికే తిరిగి రావడమే. అలాంటిది ఆ ఇంజన్ దగ్గు మొదలెట్టింది. టకటకమని కొట్టుకోవడం, వెనకంతా పొగ. అత్తగారు ఒక కాలు లోపల పెట్టి, మళ్ళీ తీసేసింది. "ఇది మావాడి బండి కాదు, నేనెక్కను." మర్నాడూ అంతే. మళ్ళీ వీధిలోకి పోవడం మొదలు.

షెడ్డులో మెకానిక్ ఉండేవాడు, స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కి, ఇంకో కొస చెవికి పెట్టుకుని వినేవాడు, డాక్టరనేవాళ్ళం. "నాలుగూ పోయాయి అమ్మగారూ. ఒకటి మార్చి చేతులు దులుపుకుందామంటే మిగతా మూడూ దాన్ని ప్రశాంతంగా బతకనివ్వవు. వాటికయ్యే ఖర్చు చెప్తే మీరు నన్ను తిడతారు. తుక్కుకిచ్చేయండి, హాయి" అన్నాడు. అక్క దగ్గర డబ్బు లేక కాదు. బజారు వీధిలో నీలం తలుపుల గది ఒకటి చూసి పెట్టుకుంది, ఇంట్లో ఉన్న తన కుట్టుమిషన్ అక్కడ పెట్టుకుని బట్టలు కుట్టడానికి. అడ్వాన్సు కోసం పోగేసింది. బోర్డు మీద ఏం రాయించాలో కూడా అనుకున్నాం మేమిద్దరం. మీ తాత గట్టిగానే అన్నారు, "వదినా, పిచ్చా మీకు? చచ్చిన బండికి ప్రాణం పోస్తారా, మీ బతుకు చూసుకోరా?" అని. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "గది ఇంకోటి దొరుకుతుందిలే మరిదీ" అంది. నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. ఆవిడ మాత్రం షెడ్డులో స్టూలు మీద కూర్చుని కొత్త ఇంజెక్టర్లు బిగించడం పూర్తయ్యేదాకా చూసింది.

గది మరి దొరకలేదు. కానీ బండి బాగుపడ్డాక అద్దాల కొట్టాయన దగ్గరికి వెళ్ళి పని అడిగింది. "డ్రైవరెవరమ్మా?" అంటే, "ఎదురుగానే నిలబడ్డాను కదండీ" అందట. చాలా ఏళ్ళు చేసింది ఆ పని. ఒక్క అద్దం పగలగొట్టిందంటే ఒట్టు. తర్వాతెప్పుడో ఆ కుట్టుమిషన్ నాకిచ్చేసింది. మీ నాన్న స్కూలు చొక్కాలన్నీ దాని మీద కుట్టినవే.

ఆఁ, అత్తగారా? ఎక్కింది, ఎక్కకేం. ఇంజన్ మళ్ళీ మెత్తగా గురగురమంటుంటే తల వెనక్కి వాల్చి కూర్చుంది. చాలా రోజులు బాగానే గడిచింది. ఒకరోజు, వాన వెలిసి రోడ్డంతా మెరుస్తోంది, ఇటుక బట్టీ దగ్గర ఆవిడ కళ్ళు తెరిచి అక్క వైపు తిరిగి, "వాడు లేడని నాకు తెలుసే, కోడలా" అంది. ఉన్నపళంగా. "ఒక్కోసారి మర్చిపోతాను. ఒక్కోసారి తెలుస్తూనే ఉంటుంది. తెలిసినప్పుడు కూడా ఎక్కుతున్నాను. ఇంట్లో ఉంటే ఆ మిషన్ మీద తల పెట్టుకుని ఏడుస్తావు. బండి నడిపేటప్పుడు ఏడవవు. అందుకని."

అక్క ఏమందంటావా? గేరు మార్చింది. ఎప్పుడూ వెనక్కి తిప్పే మలుపు దాటించేసి, అలా తిన్నగా పోనిచ్చింది. ఎంత దూరం వెళ్ళామో... రెండు పక్కలా నీళ్ళు నిలిచిన పొలాలు, వాటి నిండా ఆకాశం. ముగ్గురిలో ఎవ్వరికీ వెనక్కి తిరగాలనిపించలేదు...

ఎండ మొహమ్మీదికొచ్చేసింది. ఆ కుర్చీ కాస్త ఇటు జరుపు నాన్నా.