వెళ్ళిపోయేవాళ్ళకు కార్డు అక్కర్లేదు

కాలేజీ లైబ్రరీ, మధ్యాహ్నం మూడున్నర. పుస్తకాలిచ్చే బల్లకు అవతల లైబ్రేరియన్. ఇవతల, కాలేజీ మానేసేవారు నింపవలసిన ఫారంతో రెండో సంవత్సరం అమ్మాయి.

“సంతకం పెట్టను.”

“మేడమ్, అలా అనకండి మేడమ్! హాస్టల్ వాళ్ళు పెట్టారు, ల్యాబ్ వాళ్ళు పెట్టారు, ఆటల సారు కూడా పెట్టారు. మీదొక్కటే మిగిలింది. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు.”

“ఇది ఆఫీసులో పడితే నీ సీటు పోయినట్టే. తెలుసా?”

“తెలుసు.”

“తెలిసే వచ్చావు. సరే, నేను సంతకం పెట్టవలసిన గడిలో ఏం రాసి ఉందో పైకి చదువు.”

“‘ఈ విద్యార్థి లైబ్రరీ నుంచి తీసుకున్న పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చినట్లు ధ్రువీకరించడమైనది.’”

“ఎన్ని తీసుకున్నావు?”

“ఏమీ తీసుకోలేదండీ. అందుకే ఏ గొడవా లేదు, పెట్టేయండి.”

“ఏడాదిన్నరలో ఒక్కటి కూడా?”

“ఒక్కటి కూడా.”

“తీసుకోని పుస్తకాన్ని తిరిగి ఇచ్చావని ఎలా ధ్రువీకరించమంటావు? ఇరవై ఏడేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను, అబద్ధం కింద సంతకం చేసి ఎరగను. నియమం ఏమిటంటే, కనీసం ఒక పుస్తకం తీసుకోవాలి, తిరిగి ఇవ్వాలి, ఆ తర్వాతే సంతకం. కార్డు తియ్యి.”

“కార్డు లేదు మేడమ్.”

“ఎందుకు లేదు?”

“గుమ్మం దగ్గర బోర్డుంది కదండీ, ‘కార్డు లేనివారికి ప్రవేశం లేదు’ అని. చేరిన కొత్తలో రెండుసార్లు వచ్చాను. కార్డేదీ అన్నాడు వాచ్‌మన్. లేదన్నాను. అయితే తెచ్చుకుని రా అన్నాడు.”

“కార్డు ఇచ్చేది ఎక్కడ?”

“లోపలట. తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి మొహమాటం వచ్చేసింది.”

“మరి ఇవాళ ఎలా వదిలాడు?”

“ఈ ఫారం చూపించాను. ‘ఓ, వెళ్ళిపోతున్నావా? వెళ్ళిపోయేవాళ్ళకు కార్డు అక్కర్లేదమ్మా, పో పో’ అన్నాడు.”

“భేష్! చదువుకుంటానని వస్తే తలుపు వేస్తారు, చదువు మానేస్తానంటే తలుపు తీస్తారు. ఆ బోర్డు పీకించమని పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండింటికీ ‘పరిశీలనలో ఉన్నది’ అనే జవాబు. ఏళ్ళ తరబడి పరిశీలించడానికి అందులో ఉన్నవి నాలుగే మాటలు!”

“మేడమ్, నా సంతకం...”

“ఫోటో ఉందా?”

“ఉంది కానీ... ఇంకో గంటలో వెళ్ళిపోయేదానికి కార్డెందుకండీ?”

“గంటసేపైనా కార్డున్న మనిషివవుతావు. ఇక్కడ పేరు, ఇక్కడ తరగతి. గుండ్రంగా రాయి, కోడి కెలికినట్టు కాదు.”

“ఒక్క నిమిషం మేడమ్, ఫోను... హలో, మావయ్యా! ఆఁ, అయిపోతోంది. పెట్టె ఆటోలోనే ఉంచు. లేదు, లైబ్రరీ కార్డు తీసుకుంటున్నా. అవును, మానేయడానికే. నాకూ అర్థం కాలేదు మావయ్యా, ఉండు!”

“మావయ్య వచ్చాడా? నాన్న రాలేదేం?”

“నాన్నకి ఇంకా... రేపు చెప్తాం. మావయ్యే చెప్తానన్నాడు. మెల్లగా.”

“మానేయడానికి ‘కుటుంబ కారణాలు’ అని రాశావు. కుటుంబంలో ఏమైంది?”

“ఏం కాలేదండీ. అందరూ బాగానే ఉన్నారు.”

“మరి?”

“కుటుంబంలో నేనొక్కదాన్నే ఫెయిలయ్యాను.”

“దేంట్లో?”

“స్టాటిస్టిక్స్. రెండుసార్లు.”

“మిగతావి?”

“అవన్నీ పాసే. అరవైలూ డెబ్బైలూ వచ్చాయి.”

“అంటే ఒక పన్ను సలుపుతోందని తలకాయే తీయించుకుంటున్నావన్నమాట.”

“ఆ పన్ను పోకపోతే డిగ్రీ రాదు కదండీ! మా పిన్ని వాళ్ళ ఫోటో స్టూడియోలో కూర్చోమంది. నవ్వండి, నవ్వండి అని చెప్తే చాలట... ఏదైనా చిన్న పుస్తకం ఇవ్వండి మేడమ్. ఇలా తీసుకుని అలా ఇచ్చేస్తా.”

“ఇదిగో.”

“ఇదేంటండీ, ఇటుకలా ఉంది!”

“స్టాటిస్టిక్స్ ప్రశ్నపత్రాలు, పదేళ్ళవి. నేనే బైండు చేయించాను. దుమ్ము దులిపే ఆవిడ తప్ప ఇంకెవరూ ముట్టలేదు. ఊరికే తిరగెయ్యి.”

“తిరగేస్తే మాత్రం ఏం... అరె! మేడమ్, ఇది మొన్న మాకొచ్చిన లెక్కే! ఇక్కడా ఉంది. ఆ ముందేడూ ఉంది. అంకెలు మార్చారంతే!”

“పదేళ్ళలో ఎనిమిదిసార్లు.”

“ఇది ఇక్కడుందని ఒక్కరూ చెప్పలేదేం?”

“చెప్పవలసిన చోట ‘ప్రవేశం లేదు’ అని రాసి పెట్టారుగా. సరే, ఆ లెక్క నువ్వు ఎలా చేశావు?”

“చేశాను లెండి. తప్పే.”

“ఎక్కడ తప్పింది?”

“అది తెలిస్తే ఇక్కడెందుకుంటానండీ!”

“తెలియజెప్పే మనిషి వెనక గదిలో ఉన్నారు. తీసుకున్న పుస్తకంలోంచి ఒక్క లెక్కయినా చేసి చూపించాలి. నియమంలో అదీ ఉంది.”

“వెనక గదా? సహాయ కేంద్రమా? వద్దు మేడమ్, ప్లీజ్. దాన్ని మొద్దుల గది అంటారు.”

“ఎవరంటారు?”

“అందరూ.”

“ఆ అందరిలో లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు ఎందరు?”

“...ఎవరూ లేరు.”

“నడు.”

వెనక గది, నాలుగు గంటలు. బల్ల ముందు గళ్ళనుడికట్టు నింపుకుంటున్న లెక్కల మాస్టారు; గుమ్మంలో అమ్మాయి.

“ఫ్యాను బాగుచేయడానికా? అదుగో, ఆ మూలది.”

“కాదు సార్. లెక్క అడగడానికి.”

“లెక్కా? నన్నా? రామ్మా, రా! ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. మూడు నెలలైంది ఈ గదిలో మనిషి మొహం చూసి. చేతిలో అదేంటి?”

“ఫారం సార్. మానేయడానికి.”

“అది తిరగేసి పెట్టు, వెనకవైపు తెల్లగా ఉంటే లెక్క చేసుకోవచ్చు. ఊఁ, చదువు.”

“‘ఒక తరగతిలో ఇరవైమంది విద్యార్థుల సగటు మార్కులు యాభై. మరో తరగతిలో ముప్పైమంది సగటు అరవై. అందరి సగటు ఎంత?’ యాభై ఐదు అని రాశాను సార్.”

“మొదటిసారి పరీక్షలో?”

“అప్పుడు అంకెలు వేరు. అప్పుడూ సరిగ్గా మధ్యలో ఉన్న అంకే వేశాను.”

“రెండుసార్లూ అదే తప్పు చేశావంటే నువ్వు మొద్దువి కాదమ్మా, మాట మీద నిలబడే మనిషివి! సరే, ఇటు ఇరవైమంది, అటు ముప్పైమంది తాడు లాగుతున్నారు. అందరిదీ ఒకే బలం. ముడి మధ్యలో ఆగుతుందా?”

“ఆగదు. ముప్పైమంది వైపు పోతుంది.”

“నీ యాభై ఐదు ఎక్కడుంది?”

“మధ్యలో... ఆగండి సార్. ఆగండి, ఆగండి, చెప్పకండి! ఇరవై యాభైలు వెయ్యి. ముప్పై అరవైలు పద్దెనిమిది వందలు. కలిపి యాభైమందికి పంచితే... యాభై ఆరు!”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ... నేనే.”

“అయితే ఇంకొకటి చెయ్యి.”

“బయట మావయ్య ఉన్నాడు సార్... ఇదుగో, ఆయనే. హలో! ఇంకో అరగంట మావయ్యా. లెక్క చేస్తున్నా. ఏడవట్లేదు, నవ్వుతున్నా! ఆటో అతన్ని కూడా తీసుకెళ్ళి ఏదైనా తాగి రా.”

“మళ్ళీ పరీక్ష ఎప్పుడమ్మా?”

“వచ్చే నెల పదిహేడు, పొద్దున పదింటికి. కానీ నేను మానేస్తున్నా కదా సార్.”

“మానేసేవాళ్ళకి గంటతో సహా గుర్తుంటుందా!”

మళ్ళీ ముందు బల్ల. ఐదుకు పది నిమిషాలు. ఫారం లైబ్రేరియన్ ముందు, పుస్తకం అమ్మాయి చేతిలో.

“పుస్తకం తిరిగి ఇస్తున్నావా?”

“అంటే... ఇప్పుడే ఇవ్వాలా మేడమ్?”

“ఇస్తే సంతకం పెడతాను. ఇవ్వకపోతే కార్డు మీద పదిహేను రోజులు నీ దగ్గరే ఉంచుకోవచ్చు.”

“పదిహేను రోజులు చాలవండీ.”

“గడువు పొడిగించుకోవచ్చు. ఎన్నిసార్లయినా.”

“నాన్నకేం చెప్పను? రెండుసార్లూ పాసయ్యాననే చెప్పాను.”

“దానికి నా దగ్గర పుస్తకం లేదు. పై అంతస్తులో కౌన్సెలింగ్ మేడమ్ ఉంటారు, రేపు పదింటికి వెళ్ళు. ఇంట్లో గొంతు దాటని మాటను ఎలా దాటించాలో చెప్పడమే ఆవిడ ఉద్యోగం. ఆ గదికీ మీవాళ్ళు ఏదో పేరు పెట్టే ఉంటారు.”

“పిచ్చివాళ్ళ గది అంటారు.”

“ఎంత శ్రద్ధ! పాఠాల మీద లేదు కానీ నామకరణం మీద ఉంది. మొద్దుల గది చూసి వచ్చినదానివి, నీకు అదొక లెక్కా?”

“లెక్క కాదు లెండి... హలో, మావయ్యా! పెట్టె దించి హాస్టల్ గుమ్మంలో పెట్టు. ఆఁ, దించెయ్. నాన్నకి నేనే చెప్తా, ఎల్లుండి. అప్పటిదాకా నువ్వు నోరు విప్పావో, అత్తయ్యకి నీ సిగరెట్ల సంగతి చెప్తా! మేడమ్, ఆ ఫారం ఇలా ఇవ్వండి.”

“ఎందుకు?”

“చింపేస్తాను.”

“లైబ్రరీలో కాగితం చింపకూడదు. బయటికి వెళ్ళి చింపు.”

“అదీ నియమమేనా?”

“అది నిజంగానే నియమం. ఇందాక చెప్పినది కాదు. ఒక పుస్తకమైనా తీసుకుంటేనే సంతకమన్నది ఏ కాగితం మీదా లేదు. నువ్వు ఫారం బల్ల మీద పెట్టాక పుట్టింది. నీ అదృష్టం బాగుండి మధ్యాహ్నం వచ్చావు. పొద్దుటంతా నేను మీటింగులో ఉన్నాను. మా అసిస్టెంటైతే ఏ కాగితం ఇచ్చినా తలెత్తకుండా సంతకం పెట్టేస్తాడు.”

“పొద్దునే వచ్చాను మేడమ్. ఆయన పెన్ను మూత కూడా తీశారు. మీరు ఎవర్నీ ఓ పట్టాన వదలరని హాస్టలంతా తిట్టుకుంటుంది. అందుకే ఫారం లాక్కుని, మీరొచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను.”